పెద్దాయన ఇచ్చిన ఉత్తరం

మా ఎండకు ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజు నేను నిజంగానే గంతేశాను. గురజాల రోడ్డు పక్కన, జొన్న కూడా సరిగా పండని బీడుభూముల్లో సోలార్ ప్లాంటు పెడుతున్నారట. టెక్నీషియన్లుగా చుట్టుపక్కల ఊళ్లవాళ్లనే తీసుకుంటారట. రాత పరీక్ష ఒకటి, చేత్తో చేసి చూపించే పరీక్ష ఒకటి. రెంటచింతల ఎండను పుట్టినప్పటి నుంచీ తిట్టుకుంటూ బతికినవాళ్లం, ఆ ఎండే జీతమిస్తానంటే ఎలా కూర్చోగలం? అప్పటికి నేను కరెంటు డిపార్ట్‌మెంటులో లైన్‌మన్‌గా రిటైరై ఏడాది. స్తంభాలెక్కడం మానేసి మంచమెక్కిన మనిషిని. మర్నాడు పొద్దున్నే మాచర్లలో మా ఇంటి రేకుల పంచలో క్లాసు మొదలుపెట్టేశాను.

తొమ్మిది మంది వచ్చారు. అందరూ నాపరాయి గనుల్లోనో, రాళ్లు పాలిష్ చేసే మిల్లుల్లోనో పనిచేసే ఇళ్లవాళ్లే. ఊరూవాడా టైల్స్ మోజులో పడ్డాక ఆ మిల్లులు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. ఆ తొమ్మిది మందిలో ఒక్కతే ఆడపిల్ల, మా వీధి కోడలు. పెళ్లికి ముందు ఐటీఐ చదివిందట. ఆ సర్టిఫికెట్టు ట్రంకుపెట్టెలో చీరల కింద పెట్టి, మిల్లులో బండలు మోస్తోంది. ఆ మిల్లు కూడా దసరాకి మూసేస్తామన్నారు. మూస్తే హైదరాబాదు వెళ్లి బిల్డింగు పనులు చేసుకుందామని భర్త అప్పుడే నిర్ణయించేశాడు. కూతుర్ని ఆ ఏడే ఒకటో తరగతిలో వేశారు.

"బాబాయ్, దాన్ని ఇసుక కుప్పల మీద పెంచను. నాకీ పని రావాల్సిందే," అంది మొదటి రోజే.

నా మొదటి పాఠం మా డిపార్ట్‌మెంటు వేదం. ఎల్‌సీ తీసుకోకుండా తీగ ముట్టుకోకూడదు. ఎల్‌సీ అంటే సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి, లైను ఆపామని వాళ్ల నోటితో చెప్పించుకోవడం. ఆపాక తీగ చచ్చిన పాముతో సమానం. ఈ మాట గొంతు పెంచి చెప్పి, ఎవరో పారేస్తే తెచ్చుకున్న నాలుగు పాత సోలార్ పలకలను ఎండలో వరసగా కలిపి, మెయిన్ స్విచ్ ఆపేసి, "చూడండి" అంటూ పలక దగ్గర తీగలు రెండూ చేత్తో పట్టుకున్నాను. చెయ్యి జిల్లుమంది. నేను వెనక్కి పడ్డాను. కళ్లజోడు ఒకవైపు, పరువు ఇంకోవైపు పడ్డాయి.

ఎనిమిది మంది నవ్వారు. ఆ పిల్ల మాత్రం పలకల వైపు చూస్తోంది.

"మెయిన్ ఆపితే ఇంట్లో తీగ ఆగిద్ది బాబాయ్. పలక ఎట్టా ఆగిద్ది? పైన ఎండ ఉందిగా!"

అని లేచి, మా పంచలో మిరపకాయల మీద కప్పే టార్పాలిన్ పట్టా లాక్కొచ్చి పలకల మీద పరిచింది. మీటరు పెట్టి చూసింది. అంకెలు జారిపోతూ వచ్చి అడుగున ఆగాయి. "ఇప్పుడు ముట్టుకో," అంది.

ముప్పై నాలుగేళ్ల సర్వీసు ఒక్క నిమిషంలో పాతబడిపోయింది. సిగ్గుపడాల్సింది పోయి నాకు పట్టలేని సంతోషం వేసింది. ఇంత వయసొచ్చాక కొత్త సంగతి ఒకటి ఒంటికి తగిలి మరీ తెలిసింది! ఆ రోజు నుంచి క్లాసు ఇద్దరం కలిసి చెప్పాం. ఫోనులో వీడియోలు చూసి నేను సగం అర్థం చేసుకుంటే మిగతా సగం ఆమె విడమర్చి చెప్పేది. తిట్టడం మాత్రం నా వంతుకే ఉంచుకున్నాను. ఆ రెండు నెలలూ నేను పొద్దున్నే ఎవరూ లేపకుండా లేచాను.

అంతలో పరీక్ష తేదీ ఫోన్లకు వచ్చింది. కింద ఒక వాక్యం: సిఫారసులు తెచ్చినవారి దరఖాస్తు రద్దు. ఇది మా పల్నాడు. ఇక్కడ సిఫారసులు వద్దు అని రాస్తే, చిన్నాచితకా సిఫారసులు వద్దు అని అర్థం చేసుకుంటారు. వారం తిరగకుండా నా శిష్యుల్లో ఆరుగురు ఉత్తరాలు సంపాదించారు. ఒకడైతే రెండు పార్టీల దగ్గరా తెచ్చుకుని, ఏది ఏ జేబులో పెట్టాడో తనే మరిచిపోయాడు.

ఆ పిల్ల మామ గనిలో రాయి కొట్టిన మనిషి. ఊళ్లో చక్రం తిప్పే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. వరసగా మూడు పొద్దులు మామ ఆయన వాకిట్లో నిలబడి, అంటించిన కవరొకటి తెచ్చి కోడలి చేతిలో పెట్టాడు.

"ఇది ఇయ్యకుండా వచ్చావంటే మాత్రం ఇంటికి రామాక," అన్నాడు.

నేను క్లాసులో మండిపడ్డాను. ఉత్తరం చూపించినవాడు నా గడప తొక్కొద్దన్నాను. అంత కోపం ఎందుకో వాళ్లకు తెలియదు. నాకు లైన్‌మన్ ఉద్యోగం వచ్చింది కూడా అలాంటి కవరుతోనే. అప్పట్లో పరీక్ష పెట్టారు, నేను పేపరు సగమే రాశాను, అయినా నా పేరు లిస్టులో పైన ఉంది. పని బాగానే చేశాననుకోండి. కానీ ఎవరైనా మెచ్చుకున్నప్పుడల్లా లోపల ముల్లు గుచ్చుకునేది.

పరీక్ష రోజు ప్లాంటు గేటు దగ్గర జనం తిరనాళ్లలా ఉన్నారు. ఆమె వంతు వచ్చింది. బ్యాగులోంచి కవరు తీసి చేత్తో పట్టుకుంది. ఇస్తే రద్దు కావచ్చు. ఇవ్వకుండా పరీక్ష తప్పిందా, చేతిలోకి వచ్చిన ఉద్యోగాన్ని పొగరుతో పోగొట్టిందని ఇంట్లో జీవితాంతం అంటారు. నా వైపు చూసింది. అప్పుడు ఈ నోరు, క్లాసులో అన్ని నీతులు చెప్పిన ఈ నోరే, ఏమందో తెలుసా?

"ఎందుకైనా మంచిది, ఇచ్చెయ్యమ్మాయ్."

ఆమె నన్నొక క్షణం చూసింది. కవరు మళ్లీ బ్యాగులో పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ చూపుకి నేను భూమిలోకి కుంగిపోయాను.

లోపల జరిగింది తర్వాత చెప్పింది. పలకల వరసలో తీగ మార్చమన్నారట. ఆమె జట్టులో ఉన్న వేరే ఊళ్లవాళ్లందరూ మెయిన్ ఆపి పనిలో దిగారట. ఈమె మెయిన్ ఆపి, పట్టా అడిగిందట. పరీక్ష పెట్టే ఆయన చేతిలో కాగితాలు పక్కన పెట్టి దగ్గరికొచ్చి నిలబడ్డాడట.

పది రోజులకు ఫోనుకి మెసేజ్ వచ్చింది. నేను వీధిలోకి పరుగెత్తాను, కాళ్లకు చెప్పుల్లేవు. మా క్లాసులో నలుగురికి వచ్చింది, అందులో ఆమె పేరుంది!

ఆ మాట పెద్దాయనకు నా కంటే ముందే తెలిసినట్టుంది. పిల్లను తీసుకురమ్మని కబురు. ఆమె మామ బంతిపూల దండ కొన్నాడు. నేనూ వెంట వెళ్లాను. వాకిలి నిండా జనం.

"చూశారా, మన ఉత్తరం ఎట్టా పనిచేసిందో!" అన్నాడు పెద్దాయన అందరి వైపూ చూస్తూ.

ఆ పిల్ల బ్యాగులోంచి కవరు తీసింది. మూలలు నలిగాయి గానీ అంటించిన చోటు అంటించినట్టే ఉంది. తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టింది.

"పెదనాన్నా, ఇది నేను ఇయ్యలా. పరీక్ష రాసి పాసయ్యాను."

నేను ఆ మాటను లోపల మళ్లీ మళ్లీ అనుకుంటున్నాను. పరీక్ష రాసి పాసయ్యాను. ముప్పై నాలుగేళ్లలో ఒక్కసారి కూడా నా నోటితో అనలేకపోయిన మాట అది.

పెద్దాయన కవరును అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎదురుగా దండ కనపడేసరికి, ఎన్నేళ్ల అలవాటో, తల ముందుకు వంచాడు. ఆమె మామ దండ పట్టుకుని ఆయన్నీ కోడల్నీ మార్చి మార్చి చూశాడు.

"ఏమనుకోమాకండయ్యా," అని, కోడలి మెడలో వేశాడు.

నేను చప్పట్లు కొట్టాను. మొదట నేనొక్కణ్ణే.