సర్దార్ సదయ్య సుద్దముక్క

సదయ్య దేన్నయినా కర్రతో తట్టి, చెవి పెట్టి విని, సుద్దముక్కతో గీత గీస్తే తప్ప నమ్మడు. పుచ్చకాయనంటే అందరూ తడతారు, అందులో వింత లేదు. సదయ్య గోదావరిఖని బస్టాండులో కరీంనగర్ బస్సును తట్టాడు. ఒక పెళ్లిలో పందిరి గుంజలన్నీ తట్టి, ఒకటి బాగాలేదని పెళ్లికొడుకును పీటతో సహా పక్కకు జరిపించాడు. తలంబ్రాలు సగం పురోహితుడి మీద పడ్డాయి. వాడలో ఎవరింటికో పెళ్లిచూపులకొచ్చిన కాబోయే అల్లుడి వీపు మీద రెండుసార్లు తట్టి, చెవి ఆనించి, "మంచిగున్నడు, ఖాయం చెయ్యుండ్రి" అన్నాడు. ఆ అల్లుడి అదృష్టం బాగుండి ఆరోజు సుద్దముక్క ఇంట్లో మరిచిపోయాడు. లేకపోతే వీపు మీద ఒక గీత, పక్కన 'స' అనే అక్షరం, కింద తేదీ పడేవే.

"నలభై ఏండ్ల కాపురంల నా నెత్తి మీద గీయలే, గదే పదివేలు" అనేది ఆయన భార్య ఐలవ్వ.

పిచ్చి అనుకునేరు, కాదు. ఆయన ముప్ఫైరెండేళ్లు బొగ్గుబాయిలో మైనింగ్ సర్దార్. కార్మికుల కంటే ముందు తను వెళ్లి పైకప్పును కర్రతో తట్టాలి. ఖంగుమంటే గట్టిది. బోలుగా పలికితే అక్కడికి ఎవరినీ రానివ్వకూడదు. చూసిన చోటల్లా సుద్దతో గుర్తు పెట్టి తేదీ వేయాలి. ఆయన షిఫ్టులో కప్పు కూలి ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. రిటైరైన రోజు కంపెనీ ఆయన నెత్తి మీది లైటు వెనక్కి తీసుకుంది గాని, చెవిని మాత్రం తీసుకోలేకపోయింది.

పక్క క్వార్టర్ శోభది. 2011లో ఆమెకు ఇరవై మూడేళ్లు, కూతురు హర్షిణికి రెండున్నర. భర్త జైపాల్ నైట్ షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకునేవాడు. అందుకని ఆ ఇంట్లో పొద్దంతా ఒకటే మాట: "హుష్, నాయిన పండుకున్నడు." గిన్నె పడకూడదు, బొమ్మ మోగకూడదు, పిల్ల పరుగెత్తకూడదు. హర్షిణి గంటసేపు ఊరుకుని, ఆ గంటకు సరిపడా ఒక్కసారే అరిచేది. నేల మీద పడి తల బాదుకునేది. దగ్గరికొచ్చిన వాళ్లను కొరికేది. ఆ వరుసలో ఆమె పళ్లముద్ర లేని చెయ్యి తక్కువ. "గాలి సోకింది, తాయత్తు కట్టియ్యి" అంది ఎదురింటి సారవ్వ. "తల్లికి పెంచుడు రాదు" అన్నారు మిగతావాళ్లు. శోభ మొదటి మాట నమ్మలేదు. రెండోది నమ్మింది.

ఒకరోజు అంగన్‌వాడీ టీచర్ అనసూర్య శోభను పక్కకు పిలిచింది. "ఏమనుకోకు శోభా. ఇంకొక్క పిల్లను కొరికితె ఇగ తోల్కరాకు. తల్లులందరు నా మీదికొస్తున్నరు."

ఆ మధ్యాహ్నమే బిస్కెట్టు విరిగింది. లోకంలో రోజూ ఎన్నో బిస్కెట్లు విరుగుతాయి. హర్షిణికి మాత్రం ఆ విరిగిందే మళ్లీ అతకాలి. ఇంకోటి ఇస్తే విసిరికొట్టి, నేల మీద పడి అరిచింది. "దాని నోరు మూపియ్యరాదు!" అని లోపలి నుంచి జైపాల్ కేకేశాడు. శోభ చెయ్యి లేచి పిల్ల చెంప మీద పడింది. మళ్లీ లేచింది. ఈసారి ఎక్కడ ఆగుతుందో శోభకే తెలియలేదు. తన చెయ్యిని చూసి తనకే భయమేసింది.

అప్పుడు గుమ్మంలో విజిల్ మోగింది.

బాయిలో మందు పేల్చే ముందు ఊదే విజిల్ అది. దాని అర్థం తెలియని వాళ్లు ఆ వాడలో లేరు. క్షణంలో పది క్వార్టర్ల జనం రోడ్డు మీదికొచ్చి పడ్డారు. స్నానం మధ్యలో లేచిన బుచ్చన్న తువ్వాలుతోనే వచ్చాడు.

"ఎక్కడ పేలుస్తున్రు సర్దార్?"

"శోభ ఇంట్ల. అందరు ఎన్కకు జరుగుండ్రి" అన్నాడు సదయ్య.

"కాకా, ఇది బాయి కాదు" అంది శోభ ఏడుస్తూ.

"పేలిందా, లేదా?"

"పేలింది."

"పేలంగనే ఎవలన్న లోపలికి ఉరుకుతరా బిడ్డా? పొగ పోనియ్యాలె. నువ్వు గోడకానుకొని కూసో."

ఆయన గుమ్మం తట్టి, విని, లోపలికొచ్చి పిల్లకు రెండు గజాల దూరంలో నేల మీద కూర్చున్నాడు. తిట్టలేదు, బుజ్జగించలేదు, చాక్లెట్ ఇవ్వలేదు. ఎర్రటి కళ్లతో బయటికొచ్చిన జైపాల్‌ను కూడా కూర్చోబెట్టాడు. "బాయిల అరగంట ఆగుతం. గీమె చిన్నది, పావుగంట సాలు." ముగ్గురు పెద్దవాళ్లు వరుసగా గోడకానుకుని పొగ పోవడం కోసం ఎదురుచూశారు.

అరుపు ఏడుపైంది, ఏడుపు వెక్కిళ్లయింది. అప్పుడు సదయ్య మెల్లగా అన్నాడు: "బిస్కెట్ ఇరిగింది. మస్తు కోపమొచ్చింది."

హర్షిణి ఆయన్ను చూసింది. "ఇరిగింది" అంది. తర్వాత, "అమ్మ కొట్టింది."

"అవ్, కొట్టింది. అమ్మకు సుత కోపమొచ్చింది. ఇప్పుడు పొగ పోయింది."

పిల్ల పాకుతూ వచ్చి తల్లి ఒళ్లో పడుకుంది. సదయ్య లేచి, తలుపు వెనక్కి వెళ్లి, జేబులోంచి సుద్దముక్క తీసి ఏదో గీశాడు.

"జైపాలూ, ఈ ఇంట్ల గాలి ఆడుతలేదు. గాలి ఆడని కాడ గ్యాసు జమైతది" అన్నాడు పోతూ.

మర్నాడు పిల్ల ఎత్తుకు సరిపడా ఒక కర్ర చేసి తెచ్చాడు. "పా బిడ్డా, తనిఖీకి పోదాం." గేట్లు, డ్రమ్ములు, స్కూటర్లు, బుచ్చన్న నీళ్లట్యాంకు, ఒక్కటీ వదలకుండా ఇద్దరూ తట్టుకుంటూ పోయారు. చప్పుడుకు మొహం వాచిన పిల్లకు వాడంతా చప్పుడే దొరికింది. జైపాల్ ఆరు గంటలు నిద్రపోయాడు. వాడలో మిగతావాళ్ల కునుకు పోయింది, అది వేరే సంగతి.

ఆయన పెట్టిన కాయిదా ఒక్కటే. "పేలే ముందు చెప్పాలె. చెప్పకుంట పేలిస్తె నేరం." హర్షిణి నేర్చుకుంది, అంగన్‌వాడీలో అందరికీ నేర్పింది. అంగన్‌వాడీకి సూపర్‌వైజర్ వచ్చిన రోజు ఎవరో ఆమె పలక లాక్కున్నారు. పళ్లు బయటికొచ్చాయి. అంతలో గుర్తొచ్చి, "పేల్తున్న!" అని అరిచింది. ఇరవై మంది పిల్లలు గబగబా గోడకానుకుని కూర్చున్నారు. అనసూర్య కూడా కూర్చుంది.

"ఇదేం పద్ధతమ్మా?" అంది సూపర్‌వైజర్.

"పొగ పోవాలె మేడం. మీరు సుత జరుగుండ్రి" అంది అనసూర్య. ఆ తర్వాత హర్షిణిని తోల్కరావద్దనే మాట ఆమె నోట మళ్లీ రాలేదు.

ఒక్కరోజులో మారిపోయిందని చెబితే అబద్ధం. నెలల తరబడి పేలింది, కొరికింది, మళ్లీ చల్లబడింది. సదయ్య రోజూ నాలుగింటికి వచ్చేవాడు. గుమ్మం తట్టేవాడు. చాయ్ ఇస్తే, "నువ్వు సుత కూసోని తాగు, సల్లార్చకు" అని శోభను కూర్చోబెట్టేవాడు. ఆమె మొహంలోకి చూస్తూ, కూర ఏం వండావని అడిగేవాడు. తర్వాత తలుపు వెనక ఏదో రాసేవాడు, ఆయన అలవాటే కదా అని శోభ పట్టించుకునేది కాదు. ఒక్కోరోజు, "ఇయ్యాల తనిఖీ ఎక్కువున్నది" అంటూ పిల్లను రెండు గంటలు తీసుకుపోయేవాడు. విచిత్రంగా ఆ రోజుల్లోనే ఐలవ్వ ఇంటి నుంచి వేడి జొన్నరొట్టెలు వచ్చేవి.

2014లో తెలంగాణ వచ్చింది. హర్షిణికి స్కూలు వచ్చింది. క్వార్టర్లకు రంగులు కూడా వచ్చాయి. రంగులేసే నర్సింగం ముందుతలుపు మూసి, "అక్కా, ఎన్కాల ఈ సుద్దగీతలు తుడువుండ్రి" అన్నాడు. సదయ్య పొడగరి, అంత ఎత్తున రాశాడు. శోభ పొట్టి. పైగా ఆ తలుపు పగలంతా గోడవైపే తెరిచి ఉండేది. గుడ్డ పట్టుకుని స్టూలెక్కి, ఆమె మొదటిసారి చదివింది.

సగం చెరిగిపోయాయి. మిగిలినవి చిన్నచిన్న అక్షరాల్లో, తేదీలతో ఉన్నాయి. 'శోభ. బోలు. పిల్లను తీస్కపోవాలె.' 'శోభ. నిద్ర లేదు. రొట్టెలు పంపాలె.' 'శోభ. చాయ్ వేడిగ తాగింది.' అన్నిటికన్నా కింద: 'శోభ. నవ్వింది. గట్టి.' హర్షిణి పేరు ఒక్కచోట కూడా లేదు.

"తుడువలేదేందక్కా?"

"ఈ తలుపుకు రంగు వద్దు తమ్మీ" అని, శోభ పక్కింటికి పరుగెత్తింది.

అక్కడ ఐలవ్వా, హర్షిణీ గోడకానుకుని కూర్చున్నారు. "చాయ్‌ల చక్కెర ఎయ్యలేదని మీ కాక పేలిండు. నీ బిడ్డ నన్ను ఎన్కకు జరిపింది" అంది ఐలవ్వ. మంచం మీద సదయ్య మూతి ముడుచుకుని ఉన్నాడు.

"కాకా, మూడేండ్లు తనిఖీ చేస్తివి. పిల్ల పేరు ఒక్కసారన్న రాయకపోతివి?"

"కింద పనిచేసేటోళ్లను తడ్తమా బిడ్డా? కప్పును తడ్తం. కప్పు మంచిగుంటె కిందోళ్లు మంచిగనే ఉంటరు."

ఆరోజు రెండోసారి పడకుండా ఆగిన తన చెయ్యి గుర్తొచ్చింది శోభకు. ఆ చేత్తో దండం పెడదామనుకుంది. అది చాలదనిపించింది. సదయ్య వీపు మీద రెండుసార్లు తట్టి, చెవి ఆనించి విన్నది. ఆయన జేబులోంచి సుద్దముక్క తీసి, వాళ్ల తలుపు మీద రాసింది: 'సదయ్య. గట్టి. శో.'

సదయ్య కళ్లద్దాలు పెట్టుకుని, దగ్గరికొచ్చి, రెండుసార్లు చదివాడు.

"తేదీ ఏది బిడ్డా? తేదీ లేని తనిఖీ చెల్లదు."

శోభ కళ్లు తుడుచుకుని, నవ్వుతూ తేదీ వేసింది.