సుబ్బమ్మ కల్లంలో దారి

పొదిలి దగ్గర మూడెకరాల మెట్టపొలం అమ్మకానికి ఉందంటే, చూడ్డానికి కోనసీమ నుంచి వెళ్ళాను. పొలం నచ్చింది. కానీ రోడ్డు మీంచి దానికి దారి లేదు. పక్క రైతు సుబ్బమ్మ అనే పెద్దావిడ మిరప కల్లం దాటి వెళ్ళాలి. దారి లేని పొలం కొని ఏం చేసుకుంటాం?

ఆవిడ కల్లంలోనే కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది. "అమ్మా, దారి ఇస్తామని కాగితం మీద రాసిస్తారా?" అని అడిగాను.

ఎగాదిగా చూసింది. "కాగితం ఎందుకు నాయనా, నా ఎనకాల రా" అని లేచింది. ఆరబోసిన కాయల్ని చీపురుతో పక్కకు నెట్టుకుంటూ నాకు ముందు నడిచింది. నేను కొనబోయే పొలం గట్టు చేరాక, చుట్టుపక్కల చేలల్లో కాయలు కోస్తున్న వాళ్ళందరికీ వినబడేలా కేకేసింది. "ఇదిగో, ఈయన మన కొత్త గట్టు పొరుగు. ఇట్టాగే వస్తా పోతా ఉంటాడు. ఎవరూ అడ్డం చెప్పబాకండి."

"అట్టాగే పిన్నీ" అని నాలుగు వైపుల నుంచీ జవాబులొచ్చాయి. అక్కడ దారి ఇవ్వడమంటే అంతేనట. నేనింకా బేరమైనా ఆడలేదు.

ఆ కేకను నమ్ముకునే పొలం కొన్నాను గానీ, లోపల గుబులు పోలేదు. మళ్ళీ వెళ్ళడం మరుసటి ఏడు మిరప కోతలకే కుదిరింది. వస్తున్నానని ఎవరికీ చెప్పలేదు. మా పొలం ఇంకా బీడుగానే ఉంది, అటు వెళ్ళే పని ఎవరికీ లేదు. అయినా కల్లం నిండా ఆరబోసిన కాయల మధ్య, మా గట్టు దాకా, మనిషి నడిచేంత మేర శుభ్రంగా ఊడ్చి ఉంది.

చెప్పులు విడిచి, చేత్తో పట్టుకుని నడిచాను.