నాగుల చవితి నాడు పార పట్టాను

నా చిన్నతనంలో నాగుల చవితి వచ్చిందంటే మా ఇంట్లో పార, కత్తిపీట రెండూ మూల చేరేవి... ఆ రోజు మట్టి తవ్వకూడదు, ఏదీ కోయకూడదు. నేలలో నాగన్న పిల్లలుంటారని మా అవ్వ చెప్పేది.

సరిగ్గా ఆ రోజే, ఎనిమిదేళ్ల నేను, గాలానికి ఎర్రల కోసం, అదే వానపాముల కోసం, దొడ్లో పార వేశాను. వేలంత లావున ఏదో మెలికలు తిరుగుతూ రెండు ముక్కలైంది... పాముపిల్లే! గబగబా మన్ను కప్పేశాను.

మా నారుమడి పక్క బీడులో ఉండేది పుట్ట. అమ్మ పాలు పోసి, చిమ్మిలి పెట్టి, పుట్టమన్ను నా చెవులకు అద్దుతుంటే ఏడుపొచ్చింది. అప్పుడే నాయన నీళ్లు చూసుకోవడానికి వట్టికాళ్లతో గట్టెక్కాడు. పగ తీర్చుకోవడానికి పాముకి ఇంతకన్నా అదను ఏముంటుంది? నేనూ వెంటబడ్డాను... దబదబా కాళ్లు నేలకు కొడుతూ.

"ఏందిమే, గట్టు తెగ్గొడతావా?"

"నాయనా, ఇంటికి పోదాం పద... పొద్దున పార ఏసి పాముపిల్లను నరికేసినా."

అంతా విని పకపకా నవ్వాడు. "ఎర్రను చూసి జడుసుకునేదానివి, నువ్వేం చేపలు పడతావే!"

ఆ నవ్వు ఆగకముందే రెండడుగుల దూరంలో గడ్డి కదిలింది. పడగ లేచింది.

నాయన చెయ్యి నా భుజాన్ని పట్టేసింది. ఆ పట్టులోని భయం నాకింకా తెలుస్తూనే ఉంది... "కదలబాకమ్మా" అన్నాడు. తర్వాత మెల్లగా, "నాగన్నా, బిడ్డ తెలీక చేసింది. నీ దోవన నువ్వు పో, మా దోవన మేం పోతాం."

పడగ వాలింది. పాము పుట్టలోకి వెళ్లిపోయింది.

పెద్దయ్యాక పాముల గురించిన సైన్సు కరపత్రాలు చదివాను. పాము పాలు తాగదు, పగ పట్టదు అని అమ్మతో గొంతు చించుకుని వాదించాను. ఇప్పటికీ అదే అంటాను! కానీ పోయినేడు ఆ బీడులో ప్లాట్లేయడానికి యంత్రం తెచ్చి, పుట్టను ఒక్క పూటలో చదును చేస్తుంటే అడ్డం పడి అరిచిందీ నేనే.

డ్రైవరు కిందికి కూడా దిగలేదు. "పాములొస్తే కొట్టేస్తాంలే అక్కా, దానికింత గోలెందుకు?"

వాడి ముఖంలో భయమన్నదే లేదు... ఆనాటి పడగ కన్నా అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఈసారి చవితికి అమ్మ పాలచెంబుతో వెళ్లి ప్లాటు హద్దురాయి దగ్గర నిలబడిపోయింది. "యాడ పోసేదిమే?" అని నన్నే అడిగింది.

మీ ఊళ్లో పుట్ట ఇంకా ఉందా? ఉంటే, చవితి నాడు అక్కడ ఎవరెవరు చేరతారో రాయండి... మా పుట్టలోని పాములు ఎటు పోయాయో నాకు తెలియదు.

నాయన మాత్రం ఇప్పటికీ వట్టికాళ్లతోనే గట్టెక్కుతున్నాడు.