కుడివైపు కాజాలు

మా బావ దర్జీ. బావంటే మా అక్క మొగుడు. హోటళ్ళ ముందు తలుపు తీసేవాళ్ళకీ, బ్యాండు వాయించేవాళ్ళకీ యూనిఫారాలు కుడతాడు. వీధిలో మాత్రం ఆయన్ని దర్జీ అని ఎవరూ అనరు, చక్రవర్తి అంటారు. బొజ్జ తప్ప చక్రవర్తి లక్షణం ఒక్కటీ లేదు గానీ, ఆ పేరు ఊరికే రాలేదు. యూరప్ రాజులూ రాణులూ పిల్లాజెల్లాతో సహా మా బావ కొట్టు వెనకగదిలో కాపురముంటున్నారు.

అందరూ పాత పోస్టుకార్డుల మీదే లెండి. ఒక రాజుగారి కాలరు ఎలా నిలబెట్టారో చూద్దామని పాత సామాన్ల బజార్లో మొదటి కార్డు కొన్నాడట. కాలరు తర్వాత మీసం, మీసం తర్వాత ఆయన పెళ్ళాం, ఆ తర్వాత ఆవిడ పుట్టింటివాళ్ళు... అలా వంశాలకు వంశాలు దిగిపోయాయి. వాళ్ళ వెనకే సైనికుల టోపీ బిళ్ళలు, భుజాల మీది జరీ పట్టీలు, రిబ్బన్లకు వేలాడే పతకాలు వచ్చిచేరాయి. ఎనామిల్ పెచ్చులూడిన ఒక శిలువ పతకం దొరికిన రోజు ఈయన భోజనం సంగతే మర్చిపోయాడు. ఆ రాజుల్లో ఎవరు ఎవరికి మేనమామో, ఎవరెవరు తోడల్లుళ్ళో గడగడా చెప్తాడు. మా పెదనాన్న అల్లుడి పేరడిగితే మాత్రం తల గోక్కుంటాడు.

మా అక్క ఆ కొట్లోనే కాజాలు కోసి కుడుతుంది. తను కుట్టిన కాజాలోకి గుండీ దానంతటదే వెళ్ళి కూర్చుంటుంది. ఆ రాజులంటే మాత్రం తనకి ఒళ్ళుమంట. "ఒక్క సవతైతే జుట్టు పట్టుకునేదాన్ని, ఇంతమందిని ఏం చెయ్యనే?" అని నా దగ్గర వాపోయేది. ఒకరోజు ఉండబట్టలేక ఆయన్ని నిలదీసింది.

"వీళ్ళ మూలంగా ఒక్క కోటు పాడైనా ఆల్బములన్నీ పాత బజారుకే. మాటివ్వండి!"

బావ ఇచ్చాడు. దర్జీ ఇచ్చే మాట సంగతి మీకు తెలియంది కాదు, ఆయన "రేపు" అన్నది ఎప్పటికీ రేపే. ఈ మాట మాత్రం మనస్ఫూర్తిగానే ఇచ్చాడు.

ఈమధ్య కొత్తగా తెరవబోతున్న హోటలు మేనేజరు వచ్చాడు. గుమ్మం దగ్గర నిలబడే ఇద్దరికీ కోట్లు కావాలన్నాడు. కారు దిగిన మనిషి అదిరిపోవాలట. ఇంకేముంది, మా బావకు పండగే. కొనదేరిన మీసాల యువరాజు కార్డొకటి తీసి మిషను ముందు నిలబెట్టాడు. కాలరు, జరీ, ఛాతీ మీద నక్షత్రం, ఏదీ వదలకుండా దించేశాడు. కోట్లు తయారయ్యాక చూస్తే నాకే సలాం కొట్టాలనిపించింది.

ట్రయల్ రోజున నేనక్కడే ఉన్నాను. తలుపు తీసే మనిషి, ఆరడుగులవాడు, అద్దం ముందు నిలబడి గుండీలతో కుస్తీ పడుతున్నాడు.

"ఇదేంటయ్యా, ఎదురు తిరుగుతున్నాయి?"

"కొత్త కోటు కదా, అలవాటవుతుంది," అన్నాడు బావ.

మేనేజరు దగ్గరికొచ్చి చూసి పకపకా నవ్వాడు. "మాస్టారూ, ఇది మా ఆవిడ కోటులా ఉందేంటండీ?"

మగవాళ్ళ కోటుకు కాజాలు ఎడమవైపు, గుండీలు కుడివైపు ఉంటాయి. ఆడవాళ్ళకు అటుది ఇటు, ఇటుది అటు. ఇక్కడ కాజాలన్నీ కుడివైపే ఉన్నాయి. బావ వెనకగదిలోకి పరిగెత్తి అదే యువరాజుది ఇంకో కార్డు తెచ్చాడు. ఇందులో నక్షత్రం అందరికీ ఉన్నట్టే ఎడమ ఛాతీ మీద, మిషను ముందున్న కార్డులో కుడి ఛాతీ మీద. ఎవరో మహానుభావుడు ఆ ఫొటోను తిరగేసి అచ్చేశాడు. రాజుల ఇళ్ళల్లో ఇలాగే తొడుక్కుంటారేమో అనుకున్నాడట మా బావ! రాజుగారు చొక్కా తిరగేసి తొడుక్కున్నా కొత్త ఫ్యాషన్ అనుకునే రకం.

మేనేజరు మంచివాడు. తెరిచేలోపు సరిచేసివ్వమని చెప్పి, నవ్వుకుంటూనే వెళ్ళిపోయాడు. కొట్లో మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు.

బావ అట్టపెట్టె తెచ్చి ఆల్బములు సర్దడం మొదలుపెట్టాడు.

"అచ్చేసినవాడి తప్పుకి నువ్వేం చేస్తావు బావా?" అన్నాను.

"మాటిచ్చాను మరదలా."

పతకాలను ఒక్కొక్కటే లైనింగు గుడ్డ పేలికల్లో చుడుతున్నాడు. సూదిలో దారం గురి తప్పకుండా ఎక్కించే ఆ వేళ్ళకి ఒక్క ముడీ సరిగ్గా పడటంలేదు. ఇన్నాళ్ళూ ఆ రాజుల్ని వెక్కిరించిన నాకే ఏడుపొచ్చింది.

అక్క కోటు ఒళ్ళో పెట్టుకుని తలెత్తకుండా కూర్చుంది. ఉన్నట్టుండి, "ఆపండి," అంది. "కుడివైపు గుర్తు పెట్టారని కాజాలు కోసేటప్పుడే చూశాను. తెలిసే కోశాను."

బావ చేతిలో పతకం అలాగే ఉండిపోయింది. "మరి చెప్పలేదేం?"

"ఎందుకు చెప్పాలి? వీళ్ళు పోతే పీడా పోతుందనుకున్నాను. ఏ రాణి మెడలో ఎన్ని పేటలున్నాయో చూడకుండా చెప్తారు. నేను కళ్ళజోడు మార్చి నెలైంది. చూశారా?"

బావ చూశాడు. "ఎర్రది," అన్నాడు బిక్కమొహం వేసి. "బాగుంది."

"ఇప్పుడా చెప్పేది!" అంది గానీ, అక్క గొంతు అప్పటికే మెత్తబడింది.

బావ స్టూలు లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. "తప్పు నాదేనే."

"సగం నాది. కోటు పాడుచేసింది వాళ్ళు కాదు, మనిద్దరం. ఆ మాట చెల్లదు. ముందు ఈ కుడి ముక్కలు ఊడదీయండి, మళ్ళీ కత్తిరించాలి."

ఆయన కుట్లు విప్పుతుంటే, అక్క పెట్టెలోంచి పైనున్న ఆల్బము తీసి ఒళ్ళో తెరిచింది. కాసేపు చూసి, "ఈవిడెవరు?" అంది.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ కార్డుల గురించి తను అడిగిన మొదటి ప్రశ్న అది.

"ఇందాకటి మీసాలాయన మేనత్త," అన్నాడు బావ.

"అవును, ముక్కు అదే," అంది అక్క.

బావ గొంతు సవరించుకుని ఆ మేనత్త కథ మొదటినుంచీ ఎత్తుకున్నాడు. చెప్తున్నంతసేపూ కార్డుకేసి ఒక్కసారి కూడా చూడలేదు, మా అక్క మొహంకేసే చూశాడు.