రాజకుమారి దగ్గు

రాజకుమారికి దగ్గు వస్తే ముందు చెయ్యి చీర చెంగు మీదికి పోతుంది. కుళాయి ఉంటే తిప్పి ఆ నీళ్ల చప్పుడులో దగ్గేస్తుంది, లేకపోతే మింగేస్తుంది. ఎప్పుడో క్షయ వచ్చి, మందులన్నీ వాడి, పూర్తిగా నయమైన మనిషే. అయినా అన్నం పొలమారినా సరే, "మెల్లగా దగ్గవే, ఈదిలోకి ఇనబడతాది" అనేది అత్త తవిటమ్మ. ఆమదాలవలస బజారులో మిరపకాయల ఘాటుకి అందరూ దగ్గుతుంటే ఈమె ఒక్కతే కళ్ల నీళ్లు కారుస్తూ నోరు మూసుకుని నిలబడుతుంది.

న్యూజిలాండులో వెల్డింగు పని చేసే భర్త దగ్గరికి వెళ్లాలంటే వీసా కోసం వైద్య పరీక్ష చేశారు. ఎక్స్‌రేలో పాత మచ్చ కనబడింది. ఇప్పుడు జబ్బు లేదని తేలితేనే వీసా, అందుకు లోపలి నుంచి దగ్గి కఫం ఇవ్వాలన్నారు. అత్తాకోడళ్లు తెల్లారగట్ల రైలెక్కి విశాఖపట్నం వెళ్లారు. ఆసుపత్రి ఆరుబయట, వరసలో వాళ్ల ముందు కఫం డబ్బీ పట్టుకుని నిలబడితే రాజకుమారికి దగ్గే రాలేదు. "ఇది ఉత్త ఉమ్మేనమ్మా, పనికిరాదు" అంది నర్సు.

బల్ల మీంచి తవిటమ్మ లేచి వచ్చి, కోడలి నోటి దగ్గరున్న చెంగు లాగి తన పిడికిట్లో పట్టుకుంది.

"గట్టిగా దగ్గవే తల్లీ."

"అందరూ సూస్తన్నారత్తా."

"సూడనీ. ఆళ్లేటి, నిన్ను మొగుడికాడికి పంపుతారా?"

రాజకుమారి వంగి దగ్గింది. కడుపులోంచి వచ్చిన ఆ చప్పుడుకి వరసలో వాళ్లంతా తిరిగి చూశారు. తవిటమ్మ ఎవరివైపూ చూడలేదు. కోడలి వీపు రాస్తూ, "ఇంకా ఉన్నాది లోపల, దగ్గు" అంది.