షిఫ్ట్ టైం దాటాక సైకిల్ లేన్

పిన్ని సైకిల్ అమ్మేస్తానని బాబాయి పట్టుబట్టడంతో నా భిలాయి ప్రయాణం మొదలైంది. మోకాళ్ల నొప్పులకు సైకిలే మందని ఆమె, ఈ ట్రాఫిక్‌లో అది ప్రాణాల మీదికి తెస్తుందని ఆయన. "నువ్వొచ్చి ఓ రోజు నాతో తొక్కు. రోడ్డు ఎలాగుందో ఆయనకి నువ్వే చెప్పు," అని పిన్ని ఫోన్ చేసింది. సాయంత్రం విశాఖపట్నంలో రైలెక్కి, పొద్దున్నే దుర్గ్‌లో దిగాను. అక్కణ్నుంచి భిలాయిలో వాళ్లుండే రుఆబాంధాకు ఆటోలో అరగంట, రెండు వందల రూపాయలు.

దారిలో రోడ్డు అంచున తెల్లగీత, దానికవతల సైకిల్ బొమ్మ చూసి ముచ్చటపడ్డాను. ఆ ముచ్చట తీరకముందే మా ఆటో గీత దాటి బొమ్మల మీదుగా పరుగెత్తింది. "భయ్యా, ఇది సైకిళ్ల దారి కదా?" అన్నాను. ఆటో అతను శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబంవాడట, తాపీగా తెలుగులోనే చెప్పాడు.

"స్టీల్ ప్లాంటోళ్ల షిఫ్ట్ మారినప్పుడు సైకిళ్లదే దీదీ. అప్పుడు మేం అటేపు రాం. ఇప్పుడు ఖాళీయే కదా, ఎవరైనా ఎల్లొచ్చు."

"అలాగని ఎక్కడ రాసుంది?"

"రాసేదేటి దీదీ, సబ్‌కో తెలుసు."



పది దాటాక పిన్నీ, పక్కింటివాళ్ల సైకిల్ అడిగి తీసుకుని నేనూ బయల్దేరాం. ఆమె గీత లోపలే బుద్ధిగా తొక్కుతోంది. వెనక నుంచి ఓ కారు హారన్ కొడుతూ మా లేన్‌లోకే వచ్చింది. దాని అద్దం తగిలి పిన్ని కింద పడిపోయింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. అదృష్టం బాగుండి మోచెయ్యి గీరుకోవడంతో సరిపోయింది. కారాయన పరుగున వచ్చి లేవదీశాడు, నీళ్లిచ్చాడు, నిజంగానే కంగారుపడ్డాడు. ఆపైన హిందీలో మందలించాడు: "షిఫ్ట్ టైం అయిపోయింది కదా ఆంటీజీ, ఇప్పుడీ లేన్‌లోకి ఎందుకొచ్చారు?" సైకిల్ లేన్‌లోకి సైకిల్ ఎందుకొచ్చిందని అడిగే మనిషిని నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఒళ్లు మండి అరవబోతే పిన్ని నా చెయ్యి పట్టుకుని ఆపింది.

ఇంటి దగ్గర బాబాయి ఆ దెబ్బను నెమ్మదిగా కడుగుతూ కూర్చున్నాడు. ప్లాంట్‌లో పనిచేసినన్నాళ్లూ నడకదారి పసుపు గీత దాటి అడుగు బయటపెట్టని మనిషాయన. జరిగిందంతా చెప్పాను.

"షిఫ్ట్ టైం కాదు కదమ్మా," అన్నాడు. "అప్పుడు నేనూ కారు అందులోంచే తోల్తాను."

పిన్ని చెయ్యి వెనక్కి లాక్కుంది. "అయితే అమ్మాల్సింది నా సైకిల్ కాదు, మీ కారు," అంది.

ఆ రోడ్డు మీద నాకు దుర్మార్గులెవరూ కనబడలేదు. నన్ను ఎక్కువగా భయపెట్టింది అదే. భిలాయిలో సైకిల్ తొక్కాలనుకుంటే షిఫ్ట్ మారే వేళల్లో, పదిమందితో కలిసి తొక్కండి. మిగతా వేళల్లో గీతను నమ్ముకోకుండా మాటిమాటికీ వెనక్కి చూసుకోండి. వచ్చే కారులో మా బాబాయి లాంటి మంచివాడే ఉండవచ్చు.