సొట్ట సోల

సరుకు ఏరుకోవడంలో నన్ను మించినవాళ్ళు ఈ చుట్టుపక్కల లేరని రుజువు చేయడానికి, పోయిన నెల, నేనుండే ఈ పరాయి దేశంలో, నేస్ అనే ఊళ్ళోని ఒక మద్యం కొట్లో, ఒక్కటీ రుచి చూడకుండా పన్నెండు వైను సీసాలు కొన్నాను. నేను పెట్టిన పరీక్ష ఒక్కటే: సీసాను తలకిందులు చేసి అడుగు తడమడం. అడుగు లోపలికి సొట్టపోయినట్టున్న వాటినన్నిటినీ పక్కన పెట్టి, పలకలా చదునుగా ఉన్నవాటినే తీసుకున్నాను. అడుగున సొట్ట ఉంటే లోపల సరుకు తగ్గుతుందని కిరాణా కొట్టువాడి కూతురికి ఒకరు చెప్పాలా? అన్ని సీసాల మీదా ఒకే కొలత అచ్చువేసి ఉన్న మాట నిజమే. అచ్చులో ఉన్న అంకెను నమ్మే వంశం కాదు మాది.

"పన్నెండు తీసుకుంటున్నాను, కొసరు ఏమిస్తారు?" అని కౌంటరు దగ్గరున్న పెద్దాయనను అడిగాను. ఎక్కువ కొన్నారని మద్యం ధర తగ్గించడానికి ఇక్కడి చట్టం ఒప్పుకోదని ఆయన చాలా మర్యాదగా చెప్పాడు. నా పుట్టింటి విద్యను నిషేధించిన దేశంలో ఇన్నేళ్ళుగా కాపురం చేస్తున్నానని నాకు అప్పుడే తెలిసింది. నా మొహం చూసి జాలిపడ్డాడేమో, సీసాలు పెట్టుకోవడానికి ఒక ఖాళీ అట్టపెట్టె ఇచ్చాడు. "గ్రాండ్," అన్నాను ఇక్కడివాళ్ళ మాటలోనే, గెలిచినదానిలా.

ఆదివారం మధ్యాహ్నం, పోర్ట్‌లీష్ ఆసుపత్రిలో నర్సుగా చేసే మా అక్క వచ్చినప్పుడు మొదటి సీసా మూత తిప్పాను. గుప్పుమని వచ్చిన వాసన వైనుది కాదు. నరసరావుపేటలో మా నాన్న కొట్టుది. కొత్త చింతపండు బుట్టలు, తడిసి ఆరిన గోనెసంచులు, బెల్లం దిమ్మెల చుట్టూ తిరిగే కందిరీగలు, ఎండాకాలం మిరపకాయల బస్తా విప్పితే వీధి వీధంతా తుమ్ములు, వాన పడితే శనగపిండి డబ్బా మూత తీసినప్పుడల్లా వచ్చే ఆ పచ్చి కమ్మదనం, కొట్టు వెనక బాదంచెట్టు కింద రాలిన కాయల ఎర్రటి గుజ్జు చీకి, నాలుకలు చాపి ఎవరిది ఎక్కువ ఎర్రగా ఉందో పోల్చుకుని, ఆ టెంకలు ఎండబెట్టి పగలగొట్టి పప్పు తినే మా ఆట, ఇవన్నీ ఆ గ్లాసులోంచి ఎందుకు లేచాయో నాకు అర్థం కాలేదు.

నాన్న ఏ సరుకునూ కంటితో కొనేవాడు కాదు. బియ్యం గింజ పంటికింద పెట్టి కొరికేవాడు. చింతపండు నాలుక మీద పెట్టుకుని ఒక్కసారి లొట్ట వేసేవాడు. నెయ్యి అరచేతి వెనక రాసుకుని వాసన చూసేవాడు. ఆ తర్వాత నీళ్ళు పుక్కిలించి వీధి కాలవలో ఉమ్మేవాడు. వైను రుచి చూసే ఘనులు కూడా ఉమ్ముతారని ఈ దేశం వచ్చాక తెలిసి చాలా గర్వపడ్డాను. అయితే సీసాల వెనక చీటీల్లో వాళ్ళు రాసుకునే గొప్పలే నాకు మింగుడుపడవు. తోలు, పొగాకు, తడిసిన రాయి! మా కొట్లో ఏ సరుకుకైనా తోలు వాసన వస్తే వచ్చిన బండిలోనే వెనక్కి పంపేవాళ్ళం.

శ్రావణమాసం వచ్చిందంటే వాయనాలకు శనగలు కావాలి. వీధిలో ఆడవాళ్ళంతా తడి జడలతో, పసుపు కాళ్ళతో కొట్టు ముందు చేరేవాళ్ళు. తూకాలు వచ్చి ఎన్నేళ్ళయినా శనగలు మాత్రం సోలతోనే అడిగేవాళ్ళు. నాన్న ఇత్తడి సోల నిండా ముంచి, అరచేత్తో తలగొట్టి, సంచిలో పోసి, పైన గుప్పెడు కొసరు విసిరేవాడు. నాకు తొమ్మిదేళ్ళప్పటి శ్రావణంలో, వీధి చివర ఇంటి సుబ్బాయమ్మ ఆ సోల చేతిలోకి తీసుకుని తిరగేసింది.

"ఏందయ్యో, నీ సోల కడుపు ఇట్టా లోపలికి పీక్కుపోయింది? శనగలు మాకు తగ్గి నీకు మిగలాలనా?"

"కొసరు ఏస్తన్నాగదమ్మా," అన్నాడు నాన్న. అంతే. అందరూ నవ్వారు. మర్నాటి నుంచి బళ్ళో నా పేరు సొట్ట సోల.

మా నాన్న కొలత సరైనదా, దొంగదా? నలభై ఏళ్ళుగా నేను ఎవరినీ అడగలేదు. నాన్నను అడగడానికి నోరు రాలేదు. ఇప్పుడు ఆయన లేడు. నాకు తోచిందల్లా, కనబడిన ప్రతి గిన్నెనూ తిరగేసి చూడటం.

అక్క మొదటి సీసా చప్పరించి, "పాత చింతపండు పులుసే ఇది, పోపు మర్చిపోయారు," అంది. రెండోది పోర్చుగల్‌ది, "చెక్కపేడు నానబెట్టారు," అంది. మూడోది నోట్లో పోసుకున్నదే తడవు, లేచి సింకు దగ్గరికి వెళ్ళి ఉమ్మేసింది. తర్వాత తన సంచిలోంచి ఒక సీసా తీసింది, ఇటలీది. దాని అడుగున నా బొటనవేలు మొత్తం దూరేంత సొట్ట.

"మోసపోయావు," అన్నాను.

"తాగి చూడవే ముందు."

తాగాను. బాగుంది. ఎందుకు బాగుందో చెప్పలేను, కానీ బాగుంది. ఆ బాగుండటమే నాకు నచ్చలేదు. దాన్ని గ్లాసుల్లోకీ, నా చదును సీసా ఒకదాన్ని సింకులోకీ ఒంపి ఖాళీ చేసి, రెండింటిలోనూ మెడదాకా నీళ్ళు నింపి, ఇక్కడివాళ్ళు ప్రెస్ అనే వంటింటి అలమరలోంచి కొలత జగ్గు తీసి ఒకదాని తర్వాత ఒకటి పోశాను. రెండుసార్లూ నీళ్ళు ఒకే గీత దగ్గర ఆగాయి. పక్కపక్కన నిలబెడితే అప్పుడు కనబడింది: సొట్ట సీసా అరంగుళం పొడుగు.

"అడుగున తిన్నది పైన పెట్టాడు," అంది అక్క నవ్వుతూ. తర్వాత నవ్వు ఆపి, "ఆ సోల సొట్ట నేను కొట్టిందే," అంది.

"ఏందీ?"

"బాదం టెంకలు పగలగొట్టానే దాంతో. రాయి దొరకలా."

"నాన్నకి తెలుసా?"

"తెలియకేం, టెంక ముక్కలు దానికంటుకునే ఉండె. చూశాడు. ఏం అన్లా."

"మరి సాపు చేయించొచ్చుగా?"

"కొసరు ఏసేవాడుగా."

"కొసరు అంతకుముందు కూడా ఏసేవాడు కదే!"

అక్క గ్లాసు పెదవుల దగ్గరే ఆగింది. "ఏసేవాడా?" అంది.

సొట్టకు ముందు ఆ గుప్పెడు ఉందో లేదో ఇద్దరికీ గుర్తు రాలేదు. ఉంటే, సొట్టపడ్డాక ఆ గుప్పెడు పెద్దదయిందో లేదో కూడా. అందరి ముందూ అంత మాట పడి, నాన్న కూతురి పేరు మాత్రం బయటపెట్టలేదు. అది మంచితనమో, సొట్ట వల్ల మిగిలిన శనగల మీద ఆశో, రెండూనో. కొలిచి చూద్దామంటే సోల లేదు. కొట్టు ఖాళీ చేసిన రోజున పాత ఇత్తడిలో తూకానికి పోయింది. కొట్టు ఉన్నచోట ఇప్పుడు ఫోన్లు అమ్ముతున్నారు. బాదంచెట్టు లేదు. సోలతో శనగలు అడిగే మనిషీ లేదు.

ఇక బిల్లు. సీసాలు పన్నెండు, ఒక్కోటి తొమ్మిది యూరోలు, వెరసి నూట ఎనిమిది. తెరిచినవి మూడు, తాగగలిగినవి సున్నా. బాగున్న సీసా ఒక్కటి, దాని ఖర్చు అక్కది. కొసరు: ఒక ఖాళీ అట్టపెట్టె. నాన్న సోలలో తగ్గింది ఎన్ని శనగలో, గుప్పెట్లో పెరిగింది ఎన్నో తెలియదు. బిల్లులో అక్కడ అంకె ఏమీ వేయకుండా వదిలేస్తున్నాను.